ఏడుకొండల జిల్లాకు... ఈదొచ్చే చుట్టాలు!

తిరుపతి అనగానే కొండలు గుర్తొస్తాయి. శేషాచలం అడవి, ఎర్రచందనం, ఏనుగులు... సముద్రం మాత్రం ఎవరికీ తట్టదు. కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు ప్రాంతాలు తిరుపతి జిల్లాలో కలిశాయి. వాటితోపాటే పులికాట్ సరస్సు, తూపిలిపాళెం తీరం వచ్చాయి. ఆ వెనకే ఏటా చలికాలం చివర్లో గుడ్లు పెట్టడానికి ఈ తీరానికొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లూ!

నలభై కిలోల దాకా తూగే ఆడ తాబేలు అర్ధరాత్రి ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గుంట తవ్వి, వంద నుంచి నూట ఇరవై గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి చూడదు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆడో మగో తేల్చేది ఇసుక వేడే. బాగా వేడెక్కితే ఆడపిల్లలు, కాస్త చల్లగా ఉంటే మగవి. ఎండలు ముదిరే కొద్దీ శాస్త్రవేత్తలకు బెంగ పట్టుకున్నది ఇక్కడే.

కుక్కలు, నక్కలు గుడ్లను తవ్వేయకుండా సంరక్షకులు వాటిని కంచె వేసిన చోటికి మారుస్తారు. ఆ పని అదే రాత్రి అయిపోవాలి. కొన్ని గంటలు గడిస్తే పిండం పెంకు లోపలి గోడకు అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డు తలకిందులైతే లోపలి ప్రాణం పోతుంది.

ఇంత కష్టపడినా, పెద్ద తాబేళ్లకు గండం వలల్లో ఉంది. 2025 జనవరిలో పొరుగునే ఉన్న చెన్నై తీరానికి వెయ్యికి పైగా తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. పశువైద్యులు శవపరీక్ష చేస్తే ఉబ్బిన మెడలు, బయటికొచ్చిన కళ్లు, దెబ్బతిన్న ఊపిరితిత్తులు కనిపించాయి. నీట మునిగి ఊపిరాడక పోయిన లక్షణాలవి. సముద్ర జీవి మునిగిపోవడమేమిటి అనిపిస్తుంది కదూ! తాబేలు పీల్చేది గాలినే. మరబోటు లాగే వలలో చిక్కుకుంటే పైకి రాలేదు. ఎండకు ఇసుకలో శవం త్వరగా కుళ్లిపోతుంది కాబట్టి, ఆలస్యమైతే ఈ ఆధారాలూ దొరకవు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంది. అది చేపల పునరుత్పత్తి కోసం. తాబేళ్లు గుడ్లు పెట్టేది ప్రధానంగా జనవరి నుంచి మార్చి లోపే. నిషేధం మొదలయ్యేసరికి వాటికి జరగాల్సిన నష్టం జరిగిపోతోంది.

దీనికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. వలలో ఇనుప చువ్వల చట్రం అమర్చితే రొయ్యలు సందుల్లోంచి లోపలికి వెళతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. దీన్నే ‘టెడ్’ అంటారు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు దీన్ని మలిచింది. అయితే తాబేలుతో పాటు కొంత చేపా జారిపోతుందన్నది బోటువాళ్ల బాధ. డీజిల్ ఖర్చే గిట్టని రోజుల్లో ఆ మాటను కొట్టిపారేయలేం.

ఇది డాలర్ల గొడవ కూడా. టెడ్ లేని వలలతో పట్టిన రొయ్యలు వద్దని అమెరికా అంటే భారత్, మలేషియా, పాకిస్థాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. 1998లో తీర్పొచ్చింది. నిషేధం అమలు చేసిన తీరు తప్పేగానీ తాబేళ్లను కాపాడాలనుకోవడం తప్పు కాదని దాని సారాంశం. 2019లో అమెరికా మన వేట రొయ్యలకు మళ్లీ తలుపులు మూసింది. చెరువు రొయ్యలకు ఆ బెడద లేదు. 1990ల్లో తెల్లమచ్చల వ్యాధి నెల్లూరు చెరువుల్ని ఊడ్చేసినప్పుడు రైతు గగ్గోలు పెట్టాడు, పరిశోధనలు పరుగెత్తాయి. రొయ్యకు యజమాని ఉన్నాడు. తాబేలుకు ఎవరున్నారు?

వాటి దారులు తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు రెక్కకు చిన్న లోహపు బిళ్ల తొడుగుతారు. 2021లో ఒడిశా తీరంలో అలా బిళ్ల వేయించుకున్న ఓ ఆడ తాబేలు 2025 జనవరిలో దేశానికి ఆ చివర, మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. అంతదూరం పోయిన ఆ తల్లి, దారిలో తూపిలిపాళెం ఎదుటి నీళ్లలోనూ ఈదే ఉంటుంది!