ముల్లంగి వేస్తే ఆకులే వస్తున్నాయా? గడ్డ ఊరకపోవడానికి అసలు కారణాలివే!

పెరట్లో ముల్లంగి విత్తనాలు చల్లారు. నెలన్నరకి ఆకులు మూరెడు పెరిగి పచ్చగా కళకళలాడుతున్నాయి. తీరా పీకి చూస్తే కింద గడ్డ చిటికెన వేలంత కూడా లేదు! గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఇంటి పెరట్లో ముల్లంగి వేసే వాళ్లలో చాలామందికి ఇదే సమస్య. తప్పు విత్తనానిదే అనుకుంటారు కానీ, చాలాసార్లు కాదు.

మొదటి కారణం గుంపు. ముల్లంగి గింజలు ఆకుకూరలా చల్లేస్తే ఒకదాని పక్కన ఒకటి మొలుస్తాయి. గడ్డ ఊరడానికి చోటు ఉండదు. అందుకే అడుగు దూరంలో బోదెలు పోసి, అర అంగుళం లోతున విత్తాలి. నాలుగైదు రోజుల్లో మొలక వస్తుంది. రెండు వారాలకి మొక్కకీ మొక్కకీ 3-4 అంగుళాలు ఉండేలా మిగతావి పీకేయాలి. చాలామందికి ఇక్కడే మనసు ఒప్పదు. కానీ పీకినవేం వృథా కావు, ఆ లేత ఆకు పెసరపప్పులో వేస్తే సూపర్ ఉంటుంది.

రెండోది యూరియా. పొలానికి తెచ్చిన బస్తాలోంచి ఓ గుప్పెడు తెచ్చి మడిలో చల్లేస్తారు. నత్రజని ఎక్కువైతే బలమంతా ఆకుకే పోతుంది. చెట్టు నీడ పడినా అంతే. రోజుకి కనీసం ఆరు గంటల ఎండ తగలాలి.

ఇక నేల సంగతి. అలంపూర్ వైపు నల్లరేగడి ఎక్కువ. తడిస్తే జిగట, ఆరితే రాయి. అలాంటి చోట గడ్డ లోపలికి దిగలేక వంకర్లు పోతుంది. ఇసుక, మాగిన పెంట ఎరువు కలిపి ఎత్తు మడి కట్టుకోవడం బెటర్. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఎర్ర చెల్క నేలలైతే అడుగు లోతు తవ్వి రాళ్లు ఏరేయాలి. రాయి తగిలితే గడ్డ రెండుగా చీలుతుంది. పచ్చి పేడ వేసినా ఇదే జరుగుతుంది. చెల్క త్వరగా ఆరుతుంది కాబట్టి నీళ్లు కొద్దికొద్దిగా, క్రమం తప్పకుండా ఇవ్వాలి. నాలుగు రోజులు ఎండబెట్టి ఒకేసారి ముంచేస్తే గడ్డలు పగులుతాయి.

ఎప్పుడు వేయాలి?

దసరా నుంచి డిసెంబర్ దాకా మంచి టైమ్. యూరప్‌లో స్వీడ్ అనే గడ్డ ఉంది. ఇదీ ఆవాల కుటుంబానిదే. దానికి మూడు నాలుగు నెలల చల్లదనం కావాలి, మన పాలమూరు చలి అంత కాలం ఉండదు. ముల్లంగికి 40-60 రోజులు చాలు, అందుకే ఇక్కడ ఇదే నయం. ఎండల్లో వేయాలనుకుంటే పూసా చేత్కి రకం తీసుకోండి, వేడిని తట్టుకుంటుంది, 40-45 రోజుల్లో చేతికొస్తుంది. చలికాలానికి బెంగళూరు ఐఐహెచ్‌ఆర్ వాళ్ల అర్కా నిశాంత్ ఉంది. త్వరగా బెండు బారదు.

ఆకుల అడుగున పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి.

గడ్డ భుజం మట్టి పైకి కనిపించగానే పీకేయండి. ఇంకా లావు కావాలని ఆగితే లోపల బెండు పట్టి, ఘాటెక్కుతుంది. మడి అంతా ఒకేసారి విత్తకుండా పది రోజులకో బోదె వేసుకుంటే సంక్రాంతి దాటే వరకు ఇంటికి సరిపోతుంది. ఎండ ముదిరి ఏ మొక్కైనా పూతకొస్తే దాన్ని అలాగే వదిలేయండి, ఆ లేత కాయలు కూడా కూరకి పనికొస్తాయి.