ఐఫోన్ తాళం ఎవరి చేతిలో? 2016లో ట్రంప్, హిల్లరీ ఏమన్నారంటే

రెండు ఫోన్లను పక్కపక్కన పెట్టి పోల్చడం నా రోజువారీ పని. ఈసారి ఇద్దరు నాయకుల్ని పోలుద్దాం: 2016 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో తలపడిన డొనాల్డ్ ట్రంప్, హిల్లరీ క్లింటన్. పాత ఎన్నికే, ఒప్పుకుంటా. కానీ దేశ సైబర్ భద్రత అనే పెద్ద మాట నేరుగా ఒక ఫోన్ లాక్ స్క్రీన్ మీదికి వచ్చి కూర్చుంది అప్పుడే.

ఆ ఫోన్ ఐఫోన్ 5సీ. 2015 డిసెంబర్ 2న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో ఇద్దరు కలిసి 14 మందిని కాల్చి చంపారు. వాళ్లలో ఒకడికి తను పనిచేసే కౌంటీ ఆఫీసు ఇచ్చిన ఫోన్ అది. దాన్ని తెరవడానికి ఎఫ్‌బీఐకి సాయపడాలని 2016 ఫిబ్రవరి 16న కోర్టు యాపిల్‌ని ఆదేశించింది. కుదరదంటూ టిమ్ కుక్ బహిరంగ లేఖ రాశారు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు కథంతా ఇందులోనే ఉంది. ఎఫ్‌బీఐ అడిగింది పాస్‌కోడ్ కాదు, అది యాపిల్ దగ్గర ఉండదు. అడిగింది కొత్త సాఫ్ట్‌వేర్. పదిసార్లు తప్పు కొడితే డేటా చెరిపేసే ఏర్పాటు అందులో పనిచేయకూడదు. తప్పు కొట్టేకొద్దీ ఫోన్ ఎక్కువసేపు ఆపేస్తుంది చూడండి, అదీ ఉండకూడదు. కోడ్‌లు వేలితో కాకుండా కంప్యూటర్ నుంచి పంపగలగాలి. అప్పుడు ఒక్కో ప్రయత్నానికి పట్టేది దాదాపు 80 మిల్లీసెకన్లే. నాలుగంకెల కోడ్‌కి 10,000 అవకాశాలు కాబట్టి, అన్నీ కొట్టి చూసినా 13 నిమిషాలు దాటి కొన్ని సెకన్లు. ఆరంకెలైతే సుమారు 22 గంటలు. ఆ ఒక్క ఫోన్‌లోనే పనిచేసేలా తయారుచేయమని కోర్టు అంది. ఒకసారి చేశాక రేపు ఇంకో ఫోన్ తెచ్చి ఇదీ తెరవమని అడగరా అన్నది యాపిల్ వాదన.

మరి అభ్యర్థులు ఏమన్నారు?

ఫిబ్రవరి 19న సౌత్ కరోలినా సభలో ట్రంప్, ఆ సెక్యూరిటీ నంబర్ ఇచ్చేదాకా యాపిల్‌ని బహిష్కరించండి అని పిలుపిచ్చారు. తను ఐఫోన్, శాంసంగ్ రెండూ వాడతానని, యాపిల్ దిగిరాకపోతే ఇక శాంసంగ్ ఒక్కటే అని ట్వీట్ కూడా చేశారు. వినడానికి ఘాటుగా ఉంది కానీ, ఇవ్వడానికి అలాంటి నంబరేదీ యాపిల్ దగ్గర లేదుగా! లాక్ ఎలా పనిచేస్తుందో చూడకుండానే వేసిన స్టెప్ అది.

హిల్లరీ మాట ఇంకోలా ఉంది. 2015 డిసెంబర్ డిబేట్‌లోనే, టెక్ కంపెనీలు ప్రభుత్వంతో కలిసి మన్‌హాటన్ ప్రాజెక్టు లాంటిదేదో చేయాలన్నారు. అదే నోటితో బ్యాక్‌డోర్ సరైన దారి కాకపోవచ్చని కూడా అన్నారు. 2016 జూన్‌లో విడుదల చేసిన టెక్ ప్రణాళికలో ఎన్‌క్రిప్షన్ మీద జాతీయ కమిషన్‌కు మద్దతిచ్చారు. కాగితం మీద చూస్తే ఇదే మెరుగు, నా ఓటు కూడా దీనికే. కానీ తాళం తీయించాలా వద్దా అన్న ప్రశ్నకు జవాబు మాత్రం కమిషన్ మీదికి తోసేసినట్టే.

సెప్టెంబర్ 26న తొలి ముఖాముఖిలో సైబర్ దాడుల ప్రశ్న వచ్చింది. హిల్లరీ రష్యా పేరు ఎత్తారు. ట్రంప్, రష్యా కావచ్చు, చైనా కావచ్చు, మంచం మీద కూర్చున్న 400 పౌండ్ల మనిషెవరైనా కావచ్చు అన్నారు. నెట్టింట మీమ్‌లకు కొదవ లేదనుకోండి. వారం తర్వాత వర్జీనియా ప్రసంగంలో మాత్రం కొంచెం విషయం ఉంది: సైన్యం, పోలీసు, ప్రైవేటు నిపుణులతో సైబర్ రివ్యూ టీమ్, ఎదురుదాడి చేసే సామర్థ్యం పెంచడం. దాడికి గట్టిగా బదులివ్వాలన్న విషయంలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. సైబర్ దాడిని మామూలు దాడిలాగే చూస్తామని హిల్లరీ కూడా ఆగస్టులో చెప్పారు.

ఈలోగా హిల్లరీ ప్రచార సారథి జాన్ పొడెస్టా మెయిల్ మార్చిలోనే పోయింది. గూగుల్ హెచ్చరికలా కనిపించే నకిలీ మెయిల్‌తో, అంతే. విదేశాంగ మంత్రిగా ఆమె వాడిన సొంత సర్వర్ గొడవ సరేసరి. మరోపక్క ట్రంప్ జూలైలో, ఆమె 30,000 మెయిల్స్ దొరికితే బాగుంటుందని రష్యాను ఉద్దేశించి బహిరంగంగానే అన్నారు. దేశాన్ని కాపాడతామన్న రెండు పక్షాలూ ఇలా ఉన్నాయి.

ఆ ఐఫోన్ సంగతి? మార్చి 28న ఎఫ్‌బీఐ వేరేవాళ్ల సాయంతో తెరిచేసి కేసు వెనక్కి తీసుకుంది. తీర్పు రాలేదు, ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ప్రభుత్వం దగ్గర ఉంటే తాళంచెవి భద్రమే కదా అనేవాళ్లకు మరుసటి ఏడాదే ఒక ఉదాహరణ దొరికింది. 2017 మే 12న వానాక్రై విరుచుకుపడింది. అది వాడుకున్న విండోస్ లొసుగు అమెరికా ఎన్‌ఎస్‌ఏ నుంచి దొంగిలించినదేనని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ స్వయంగా రాశారు. బ్రిటన్ ఆసుపత్రులు స్తంభించాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఎక్కడో వాషింగ్టన్ దగ్గర దాచుకున్న లొసుగు ఇక్కడి పోలీస్ స్టేషన్ దాకా వచ్చిందన్నమాట.

మన దగ్గర ఇదే ప్రశ్న ఇంకో వేషంలో నడుస్తోంది. ఒక మెసేజ్ మొదట పంపిందెవరో అడిగితే పెద్ద మెసేజింగ్ యాప్‌లు చెప్పగలగాలని 2021 ఐటీ రూల్స్ అంటున్నాయి. అలా చేస్తే ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ నిలవదని వాట్సాప్ అదే ఏడాది ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఈసారి ఓటు అడగడానికి మీ గుమ్మంలోకి ఎవరొచ్చినా రోడ్డు, నీళ్లతో పాటు ఇది కూడా అడిగి చూడండి: నా వాట్సాప్ తాళానికి ఇంకో చెవి చేయిస్తారా, చేయించరా? జవాబులో కమిషన్ అన్న మాట వినిపిస్తే కామెంట్స్‌లో రాయండి.