విరాళం వెనుక పేరు

కోలారు జిల్లాలోని తెలుగు ఇళ్లలో కన్నడ పత్రిక, తెలుగు పత్రిక రెండూ చదివేవారు చాలామంది. ఆ వార్తల వెనుక, రాజకీయ చర్చల వెనుక ఎవరి డబ్బు ఉన్నదో తెలుసుకోవడం ఎందుకు అవసరమో ఇక్కడ పరిశీలిద్దాం.

ధనవంతుల అండ మన పత్రికలకు కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో ప్రారంభించిన అమృతాంజనం వ్యాపారమే ఆంధ్రపత్రికకు ఆధారం. అది 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. మన జిల్లాలోని ముళబాగిలులో 1887లో జన్మించిన డి.వి. గుండప్పగారు ప్రజా సమస్యలపై చర్చకోసం 1945లో బెంగుళూరులో గోఖలే సంస్థను నెలకొల్పారు. 1970లో తమకు సన్మానంగా అందిన నిధిని దానికే ఇచ్చివేశారు. ఈ రెండుచోట్లా డబ్బు ఎవరిదో అందరికీ తెలుసు. కనుక పాఠకుడు ఆ మాటలను తూచి చూసుకోగలిగాడు.

2018 జనవరిలో వచ్చిన ఎన్నికల బాండ్ల పథకం ఈ వీలును తీసివేసింది. స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకి ఇస్తే చాలు, దాత పేరు ఓటరుకు చెప్పనక్కరలేదు. మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి కంపెనీలు విరాళం ఇవ్వరాదన్న నియమాన్ని అంతకుముందే, 2017లో, ఎత్తివేశారు.

ఇలా చేరిన డబ్బు ప్రచార సభలుగా, టీవీ ప్రకటనలుగా, ఫోన్లలోకి వచ్చే సందేశాలుగా మారుతుంది. ఏ విషయం ఊరూరా వినబడాలో అదే నిర్ణయిస్తుంది. దాత ఆజ్ఞాపించనక్కరలేదు. ఆయనకు రుచించని విషయాన్ని పార్టీవారే పక్కన పెట్టవచ్చు. అలా రాని ప్రశ్న రాలేదని కూడా మనకు తెలియదు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, ఇది ఓటరుకు రాజ్యాంగం ఇచ్చిన సమాచార హక్కుకు భంగమని చెప్పి పథకాన్ని కొట్టివేసింది. మార్చిలో పేర్లు వెలువడ్డాయి. కొనుగోలుదారులలో రెండవ స్థానం హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్‌ది, సుమారు 966 కోట్ల రూపాయలు. ఆ బాండ్లు పలు పార్టీలకు చేరాయి. తనకు వచ్చిన 89.75 కోట్లలో 50 కోట్లు ఆ సంస్థవేనని జనతాదళ్ (సెక్యులర్) ఎన్నికల సంఘానికి తెలిపినట్లు కూడా అప్పుడే బయటపడింది. ఏప్రిల్ 26న జరిగిన పోలింగులో కోలారు లోక్‌సభ స్థానాన్ని గెలుచుకున్నది ఆ పార్టీయే.

విరాళం ఇచ్చినంత మాత్రాన, పుచ్చుకున్నంత మాత్రాన తప్పు జరిగిందని మేము అనడం లేదు. ఓటు వేయకముందే కోలారు ఓటరు ఆ లెక్క చూడగలిగాడన్నదే ఇక్కడ ముఖ్యం.

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కార్మిక కుటుంబాల ఇళ్లు, గని భూములు, తాగునీరు నేటికీ మిగిలిన ప్రశ్నలు. వాటిపై ఎవరు ఏమి వాగ్దానం చేసినా, ఆ ప్రచారానికి ఖర్చు ఎవరు పెట్టారని అడగడం మన హక్కు. జవాబు దొరికిన తరువాతే ఆ మాట విలువ కట్టగలం.