గోల్ఫ్ దెబ్బ – అభ్యాసంలోని శాస్త్రం

‘అభ్యాసం కూసువిద్య’ అని తెలుగు నానుడి. కాని గోల్ఫ్ మైదానంలో ఒక వింత కనిపిస్తుంది. రోజుకు వంద బంతులు కొడుతూ, ఏళ్ళు గడిచినా అదే తప్పును అదే విధంగా చేసే ఆటగాళ్ళున్నారు. అంతకంటే తక్కువ కొట్టి త్వరగా బాగుపడేవారూ వున్నారు. ఇద్దరూ చేసేది అభ్యాసమే. మరి ఈ భేదానికి కారణమేమి?

గోల్ఫ్ స్కాట్లండులో పెరిగిన ఆట. చిన్న బంతిని కర్రతో కొట్టి, దూరాన వున్న గుంటలో వేయాలి. 18 గుంటలను అతి తక్కువ దెబ్బలతో పూర్తి చేసినవాడు సమర్థుడు. 1829లోనే కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు వెలిసింది. బ్రిటిష్ దీవులకు వెలుపల వున్నవాటిలో ఇదే అత్యంత పురాతనమైనది. హైదరాబాదులో గోల్కొండ కోట సమీపాన నయాఖిల్లా వద్ద కూడా ఒక గోల్ఫ్ మైదానం వున్నది.

బంతి ఎట్లా ఎగురుతుంది?

నియమాల ప్రకారం బంతి బరువు 45.93 గ్రాములకు మించరాదు, వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు. దాని ఒంటినిండా చిన్న చిన్న నొక్కులుంటాయి. ఇవి అలంకారం కోసం పెట్టినవి కావు. పూర్వం నున్నని బంతులతో ఆడే రోజుల్లో, దెబ్బలు తిని గీతలు పడిన పాత బంతులే కొత్తవాటికంటె బాగా ఎగరటం ఆటగాళ్ళు గమనించారు. నొక్కుల వల్ల బంతిని అంటి ప్రవహించే పలుచని గాలిపొర అల్లకల్లోలమై, బంతి వెనుకభాగం దాకా అంటిపెట్టుకొని వుంటుంది. అందువల్ల బంతిని వెనుకకు లాగే నిరోధం తగ్గుతుంది.

రెండవది బంతి భ్రమణం. ఎడింబరో విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రాచార్యుడైన పీటర్ గథ్రీ టేట్ 1890 ప్రాంతంలో ఈ విషయాన్ని పరిశోధించాడు. బంతికి పొడుగాటి టేపు కట్టి, కొట్టిన తరువాత టేపులో పడిన మెలికలను లెక్కించి, బంతి గాలిలో గిర్రున తిరుగుతున్నదని చూపాడు. వెనుకకు తిరిగే బంతి గాలిని క్రిందికి నెడుతుంది; గాలి బంతిని పైకి నెడుతుంది. అందుకే అది ఎక్కువసేపు గాలిలో నిలుస్తుంది. ఆయన కుమారుడు ఫ్రెడరిక్ 1896లోను, 1898లోను బ్రిటిష్ అమెచ్యూర్ విజేత అయ్యాడు.

దిద్దుకోవటానికి వ్యవధి లేదు

కర్ర ముఖం బంతిని తాకివుండేది సుమారు అర మిల్లీసెకను మాత్రమే. కర్ర పైనుంచి దిగి బంతిని చేరటానికి పట్టేది దాదాపు పావు సెకను. కంటితో చూచి, చేతిని కదల్చటానికి మనిషికి సుమారు 1/5 సెకను కావాలి. అంటే తప్పు జరుగుతున్నదని తెలిసేసరికి దెబ్బ ముగిసిపోతుంది. కాబట్టి ఈ చలనమంతా మెదడులో ముందే సిద్ధమై వుండాలి. అభ్యాసం చేసే పని ఇదే: మెదడులోను, చిన్నమెదడులోను ఆ చలనక్రమాన్ని నిలబెట్టటం. సరియైన క్రమమైనా, తప్పు క్రమమైనా మెదడు ఒకే శ్రద్ధతో నిలబెడుతుంది.

తప్పు ఎంత చిన్నదైనా ఫలితం పెద్దది. బంతి ఒక్క డిగ్రీ పక్కకు బయలుదేరిందనుకొందాం. టాన్ 1° విలువ 0.0175. 200 మీటర్ల దూరాన బంతి మూడున్నర మీటర్లు తప్పుతుంది. గుంట వ్యాసం 108 మిల్లీమీటర్లు. రెండు మీటర్ల నుంచి దొర్లించిన బంతి ఒకటిన్నర డిగ్రీ దాటితే గుంట కేంద్రం నుంచి దాని అంచు దాటి పోతుంది.

గురువు ఎందుకు?

కుడిచేతి ఆటగాడు కొట్టిన బంతి కుడివైపుకు వంగిపోతున్నదనుకొందాం. దీన్ని ‘స్లైస్’ అంటారు. అతనికి సహజంగా తోచే మందు ఎడమవైపుకు గురిపెట్టటం. కాని బంతి వంగటానికి కారణం కర్ర కదిలే దారికి, కర్ర ముఖం చూసే దిక్కుకు మధ్యనున్న కోణం. ఎడమకు తిరిగి కొడితే దారి మరింత ఎడమకు పోతుంది. ముఖం అట్లాగే వుంటే కోణం పెరుగుతుంది. బంతి ఇంకా వంగుతుంది! ఎంత శ్రమిస్తే అంత చెడుతుంది. బంతి వంపును చూచి కారణాన్ని చెప్పగలవాడే గురువు.

గురువు ఎట్లా చెప్పాలన్నది కూడా ముఖ్యమే. 1999లో వుల్ఫ్, ఆమె సహచరులు, గోల్ఫ్ తెలియనివారి చేత 15 మీటర్ల దూరపు లక్ష్యానికి బంతులు కొట్టించారు. ‘చేతుల కదలిక గమనించండి’ అని కొందరికి, ‘కర్ర ఊపు గమనించండి’ అని కొందరికి చెప్పారు. మరునాటి పరీక్షలో కర్రను గమనించినవారే మెరుగుగా వున్నారు. 1990లో విన్‌స్టీన్, ష్మిట్‌లు మరొకటి చూపారు: ప్రతి ప్రయత్నం తరువాత ఫలితం చెప్పించుకొన్నవారికంటె సగం సార్లే చెప్పించుకొన్నవారు తరువాత బాగా చేశారు. మాటిమాటికీ దిద్దితే శిష్యుడు తన తప్పును తాను వెదకటం మానుతాడు.

కలగలుపు అభ్యాసం

ఒకే కర్రతో ఒకే చోటికి 50 బంతులు వరుసగా కొడితే చేయి కుదిరినట్లు తోస్తుంది. ఆటలో మాత్రం ఒకే దెబ్బ రెండుసార్లు వరుసగా రావటం అరుదు. 1979లో షే, మోర్గన్‌లు మూడు రకాల చేతికదలికలను కొందరిచేత ఒకదాని తరువాత ఒకటి, కొందరిచేత కలగలిపి చేయించారు. అభ్యాస సమయంలో మొదటివారే వేగంగా చేశారు. కాని 10 రోజుల తరువాత కలగలిపి నేర్చినవారే గెలిచారు. ప్రతిసారీ మెదడు కొత్తగా ఆలోచించి చలనాన్ని సిద్ధం చేసుకోవలసి రావటమే దీనికి కారణమని భావిస్తారు. 2007లో రోరర్, టేలర్‌లు గణితపు లెక్కలలోనూ ఇదే ఫలితాన్ని చూశారు. ఆ రోజు బాగా వచ్చినది తరువాత నిలుస్తుందన్న భరోసా లేదు.

తరగతిలో ఒక ప్రయోగం

దీన్ని పరీక్షించటానికి గోల్ఫ్ మైదానం అక్కరలేదు; గోలీలు చాలు. నేలమీద 1, 2, 3 మీటర్ల దూరాన మూడు వలయాలు గీయాలి. విద్యార్థులను రెండు జట్లుగా చేసి, ఒక్కొక్కరిచేత 30 గోలీలు వేయించాలి. మొదటి జట్టు ఒక్కొక్క వలయానికి వరుసగా పదేసి వేస్తుంది. రెండవ జట్టు దూరాన్ని ప్రతిసారీ మారుస్తుంది. ఆనాటి లెక్కలు వ్రాసి వుంచాలి. వారం తరువాత ఇరుజట్లకూ దూరాలు మార్చి మార్చి పరీక్ష పెట్టాలి. ఏ జట్టు నిజంగా నేర్చుకొన్నదో ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూస్తే విద్యార్థులే చెప్పగలరు.