గన్ ఉంది, మెంబర్‌షిప్ లేదు

అమెరికాలో గన్ ఉన్నవాళ్లంతా ఎన్‌ఆర్‌ఏ మనుషులేనా? కానే కాదు. 2017లో ప్యూ రీసెర్చ్ సర్వే చేస్తే, గన్ ఓనర్లలో తాము ఎన్‌ఆర్‌ఏ సభ్యులమని చెప్పింది 19 శాతమే. మరి మిగతావాళ్లు ఎందుకు చేరలేదు? చాలామందికి గన్ అంటే వేట, ఇంటి భద్రత. రాజకీయం అక్కర్లేదు.

1871లో ఈ సంఘాన్ని పెట్టిందే గురి చూసి కాల్చడం నేర్పడానికి. 1977లో సిన్సినాటి సమావేశంలో అతివాద వర్గం పగ్గాలు లాక్కున్నాక లాబీయింగే ముఖ్యమైపోయింది. అది కొందరికి మింగుడుపడలేదు. 1995లో చందాల కోసం రాసిన ఉత్తరంలో ఫెడరల్ ఏజెంట్లను గూండాలన్నందుకు, వేట ఇష్టపడే మాజీ అధ్యక్షుడు జార్జ్ హెచ్.డబ్ల్యు. బుష్ జీవితకాల సభ్యత్వమే వదిలేసుకున్నారు. ఇక డబ్బు సంగతి. సంస్థను ఏళ్ల తరబడి నడిపిన వేన్ లాపియెర్ దాని సొమ్ము దుర్వినియోగం చేశారని 2024లో న్యూయార్క్ జ్యూరీ తేల్చింది. ఆ వార్త చూశాక చందా కట్టబుద్ధి అవుతుందా?

అసలు చిక్కు వేరే ఉంది. ప్రైవేటు అమ్మకాలకూ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండాలని ఆ సర్వేలోనే 77 శాతం గన్ ఓనర్లు చెప్పారు. ఎన్‌ఆర్‌ఏ ఒప్పుకోదు. కానీ నాయకులకు ఫోన్ చేసేది, ఉత్తరం రాసేది ఎక్కువగా దాని సభ్యులే. బయట ఉన్నవాళ్లు సంఖ్యలో ఎక్కువే, కాకపోతే ఫోన్ తియ్యరు.