గల్ఫ్‌లో ఒక్కరే నైట్ అవుట్‌కు పోతున్నరా? టికెట్ కొనే ముందు ఇవి తెల్సుకోండి

ఈ ఎపిసోడ్ మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినోళ్ల కోసం, ఇంకా పాస్‌పోర్ట్ చేతిలో పట్టుకొని వీసా కోసం చూస్తున్నోళ్ల కోసం.

మన దిక్కు దుబాయ్ అంటే రెండే కథలు చెప్తరు. ఒకటి, పోయి ఇల్లు కట్టిన కథ. ఇంకోటి, పెట్టెలో తిరిగొచ్చిన కథ. ఈ రెండిటి నడుమ 23, 24 ఏళ్ల పోరడు ఒకడు ఉంటడు కదా. వారం అంతా డ్యూటీ చేసి, రూమ్‌లో ఆరుగురి మధ్య బెడ్‌స్పేస్‌లో పడుకొని, శనివారం రాత్రి ఫోన్‌లో డీజే వీడియోలు చూస్తుంటడు. పది కిలోమీటర్ల దూరంలో అదే డీజే లైవ్‌లో వాయిస్తున్నడు. పోవాలని ఉంటది. తోడు ఎవరూ రారు. అడిగితే "నీకెందుకురా అవన్నీ, పైసలు పంపు" అంటరు.

నా మాట సూటిగా చెప్తా. పోవచ్చు, తప్పేం లేదు. ఊర్లో బరాత్ అయితే తెల్లారేదాకా తీన్మార్ ఆడే పోరడికి పరాయి దేశంలో పాట వినాలని అనిపించకుండా ఎట్లుంటది? కానీ అక్కడ ఆ రాత్రి అసలు ఖరీదు టికెట్ మీద రాసి ఉండదు. అది మీ వీసా మీద ఉంటది. ఇక్కడ తాగి గొడవ పడితే పెద్దమనుషులు కూర్చొని సర్ది చెప్తరు. అక్కడ ఒక్కరే ఉన్నప్పుడు మీ తరఫున మాట్లాడేటోడు ఉండడు. అందుకే రూల్స్ ముందే తెల్వాలె.

ముందు, గల్ఫ్ ఎంత మారింది?

మన నాయనల కాలంలో శుక్రవారం అంటే బట్టలు పిండుకునుడు, కూర వండుకునుడు, ఇంటికి ఫోన్ చేసుడు. అంతే. ఇప్పుడు అట్లా లేదు. సౌదీ అరేబియాలో దశాబ్దాల పాటు సినిమా హాలే లేకుండె. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో మళ్లీ హాల్ తెరిచిన్రు. 2019 డిసెంబర్‌లో అదే రియాద్‌లో 'సౌండ్‌స్టార్మ్' అనే పెద్ద మ్యూజిక్ ఫెస్టివల్ మొదలైంది. దుబాయ్‌లో 2024 ఫిబ్రవరిలో ఎక్స్‌పో సిటీలో 'అన్‌టోల్డ్' ఫెస్టివల్ జరిగింది. అబుదాబిలో ఫార్ములా వన్ రేస్ ఉన్న రోజుల్లో రాత్రిపూట కచేరీలు పెడ్తరు. 2022 జనవరి నుంచి యూఏఈ ప్రభుత్వ ఆఫీసుల వీకెండ్ కూడా శని, ఆదివారాలకు మారింది.

అంటే తలుపు తెరిచిన్రు. కానీ తలుపు తెరిచినంత మాత్రాన చట్టాలు పోలేదు. చాలామంది గందరగోళపడేది ఇక్కడే.

ఒకటి: ఏ నేల మీద ఉన్నరో చూసుకోండి

దుబాయ్‌లో తాగాలంటే 21 ఏళ్లు నిండాలె. లైసెన్స్ ఉన్న హోటల్‌లో, బార్‌లో, ఫెస్టివల్‌లో వాళ్లు అమ్మే చోట తాగొచ్చు. 2020 నవంబర్‌లో యూఏఈ చట్టం మార్చి, పెద్దవాళ్లు లైసెన్స్ లేకుండా తాగడాన్ని నేరాల్లోంచి తీసేసింది. దుబాయ్‌లో షాపులో కొనాలంటే మాత్రం లైసెన్స్ ఉండాలె, 2023 జనవరి నుంచి దానికి ఫీజు లేదు. ఇవన్నీ విని కొందరు "దుబాయ్‌లో అంతా ఫ్రీ" అనుకుంటరు. రోడ్డు మీద, బీచ్‌లో, పార్కులో తాగడం ఇప్పటికీ నేరమే. తాగి బయట లొల్లి చేసినా నేరమే.

ఇప్పుడు అసలు సంగతి. మనోళ్లలో చాలామంది పని చేసేది దుబాయ్‌లో, ఉండేది షార్జాలో. ఎందుకంటే అక్కడ కిరాయి తక్కువ. షార్జాలో మద్యం పూర్తిగా బంద్. తాగడమే కాదు, దగ్గర పెట్టుకున్నా కేసే. దుబాయ్‌లో తాగి, మిగిలిన సీసా సంచిలో వేసుకొని బస్సెక్కితే, బోర్డు దాటంగనే చట్టం మారిపోతది. మీరు కూర్చున్న సీటు మాత్రం అదే.

సౌదీలో ఫెస్టివల్ ఎంత పెద్దదైనా అక్కడ మద్యం ఉండదు. నమాజ్ టైమ్‌కు పాట ఆపుతరు, తర్వాత మళ్లీ మొదలుపెడ్తరు. గుంపులో ఆడపిల్లను తాకినా, సతాయించినా 2018లో వచ్చిన వేధింపుల చట్టం ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రియాల్స్ దాకా జరిమానా ఉంది. తీవ్రమైన కేసులో ఐదేళ్ల దాకా పోతది.

కువైట్‌లోనూ మద్యం నిషేధం. అందుకని అక్కడ చాటుమాటుగా తయారుచేసిన సరుకు దొరుకుతది. 2025 ఆగస్టులో అట్లాంటి కల్తీ మందు తాగి 160 మంది విషం పాలైన్రు, వాళ్లలో 23 మంది చనిపోయిన్రు. కువైట్ ఆరోగ్య శాఖ చెప్పిన లెక్క ఇది. ఎక్కువ మంది ఆసియా దేశాల కార్మికులే.

దీని వెనక సైన్స్ రెండు ముక్కల్లో చెప్తా. కల్తీ మందులో మిథనాల్ ఉంటది. రుచిలో, వాసనలో తేడా పెద్దగా తెల్వదు. లోపలికి పోయినాక మన కాలేయం దాన్ని ఫార్మిక్ ఆసిడ్‌గా మారుస్తది. అది ముందు కంటి నరాన్ని కొడ్తది. ప్రమాదం ఏందంటే, లక్షణాలు చాలాసార్లు 12 నుంచి 24 గంటల తర్వాత కనిపిస్తయి. తాగినోడు మామూలు హ్యాంగోవర్ అనుకొని దుప్పటి కప్పుకొని పడుకుంటడు. చూపు మసకబారినా, కళ్ల ముందు తెల్లగా పొగమంచులా అనిపించినా, కడుపునొప్పి, వాంతులు, ఆయాసం ఉన్నా ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి పోవాలె. మందు ఉంది, డయాలసిస్ ఉంది, టైమ్‌కు పోతే బతుకుతరు. "పోలీసులకు తెలుస్తది" అని భయపడి రూమ్‌లో పడుకున్నోడు చూపు పోగొట్టుకుంటడు, లేదా ప్రాణమే పోగొట్టుకుంటడు. డిపోర్ట్ చేస్తే మనిషి ఇంటికొస్తడు. అది గుర్తుపెట్టుకోండి.

రెండు: జేబులో, సంచిలో ఏముంది?

డ్రగ్స్ విషయంలో యూఏఈలో మాఫీ అనే మాటే అనుకోవద్దు. మీ చేతిలో సరుకు దొరకాల్సిన పని లేదు, రక్తంలోనో మూత్రంలోనో ఆనవాలు దొరికినా కేసు అవుతది. ఫెస్టివల్ గుంపులో కొత్తగా పరిచయమైనోడు గోలీ ఇచ్చి "తలనొప్పికి" అన్నా తీసుకోవద్దు. మీ గ్లాస్ పక్కన పెట్టి డ్యాన్స్‌కు పోతే, తిరిగొచ్చి అదే గ్లాస్ తాగొద్దు. పారబోసి ఇంకోటి తీసుకోండి. 40 దిర్హమ్‌లు పోతే పోయినయ్.

ఇంకో మాట, ఇది ఇంటోళ్లు కూడా వినాలె. మన వంటింట్లో ఉండే గసగసాలు యూఏఈలో నిషేధం. కోడికూర మసాలా అని అమ్మ ప్రేమతో కట్టిచ్చిన పొట్లమే ఎయిర్‌పోర్ట్‌లో ఆపిస్తది. ట్రమడాల్ లాంటి నొప్పి గోలీలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు ముందే అనుమతి లేకుండా తీసుకపోవద్దు. "మా తమ్మునికి ఈ పచ్చడి డబ్బా ఇయ్యన్నా" అని ఎవరన్నా ఇస్తే, మీ ముందు విప్పి చూడనిది తీసుకోవద్దు.

మూడు: ఫోన్

ఇది నా సబ్జెక్ట్ కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం ఉంది. వేరేవాళ్ల ఫొటోనో వీడియోనో వాళ్ల ఇష్టం లేకుండా తీసి వాళ్ల ప్రైవసీ దెబ్బతీస్తే కనీసం ఆరు నెలల జైలు, లేదా లక్షా 50 వేల నుంచి 5 లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ. లక్షా 50 వేల దిర్హమ్‌లు అంటే మన పైసల్లో 35 లక్షల పైనే. క్లబ్‌లో పక్క టేబుల్ అమ్మాయిని జూమ్ చేసి రీల్ పెట్టడం ఇక్కడ చిల్లర పని, అక్కడ క్రిమినల్ కేసు. స్టేజ్‌ను తీయండి, లైట్లను తీయండి, మీ ముఖం తీసుకోండి. పక్కనోళ్ల ముఖం వద్దు.

తిట్లు కూడా అంతే. రాత్రి ఎవనితోనో మాటా మాటా పెరిగి, తెల్లారి వాట్సాప్‌లో బూతులతో వాయిస్ మెసేజ్ పంపిన్రనుకోండి. ఆ మెసేజే సాక్ష్యం. పంపినోడే తన మీద తాను ఆధారం తయారుచేసి ఇచ్చినట్టు.

నాలుగు: వాపస్ ఎట్లా వస్తరు?

పోయేటప్పుడు అందరూ మెట్రో చూసుకుంటరు. వచ్చేటప్పుడు ఎవరూ చూసుకోరు. దుబాయ్ మెట్రో మామూలు రోజుల్లో రాత్రి 12కు ఆగిపోతది, శుక్రవారం ఒంటిగంట దాకా ఉంటది. ఫెస్టివల్ దాటి టైమ్ పోతే టాక్సీయే దిక్కు, ఆ టైమ్‌లో లైన్ కూడా గట్టిగ ఉంటది. టికెట్ పైసలతో పాటు టాక్సీ పైసలు విడిగా తీసి పెట్టుకోండి.

టాక్సీ పైసలు మిగిలించుకుందామని హైవే అడ్డంగా దాటొద్దు. తప్పు చోట రోడ్డు దాటితే 400 దిర్హమ్‌ల ఫైన్, మన 9 వేల పైనే. ఫైన్ సంగతి పక్కన పెట్టండి, ఆ రోడ్ల మీద బండ్లు వచ్చే స్పీడ్‌కు మనిషి మిగలడు. తాగి బండి నడిపితే 2025 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త ట్రాఫిక్ చట్టం కింద 20 వేల నుంచి లక్ష దిర్హమ్‌ల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఒక్క బీరే కదా అనే లెక్క అక్కడ నడవదు.

ఐదు: దేరా గల్లీల్లో రెండు గాలాలు

దేరా దిక్కు రాత్రి నడుస్తుంటే కింద రంగురంగుల మసాజ్ కార్డులు పడి ఉంటయి. నంబర్, అమ్మాయి ఫొటో. ఫోన్ చేసి ఫ్లాట్‌కు పోతే లోపల నలుగురు మగాళ్లు ఉంటరు. పర్సు, ఫోన్, ఏటీఎం పిన్ గుంజుకుంటరు. దుబాయ్ పోలీసులు చాలాసార్లు హెచ్చరించిన మోసం ఇది. పోయినోడు సిగ్గుకు బయట చెప్పుకోడు, వాళ్ల ధీమా అదే.

రెండోది డ్యాన్స్ బార్లు. మన భాష పాటలు పెడ్తరు, స్టేజ్ మీద మన దిక్కు అమ్మాయిలే ఉంటరు. దండ కొని వేయిస్తే మైక్‌లో మీ పేరు చెప్తరు. ఒక్కడే ఉన్నోడికి తన పేరు మైక్‌లో వినపడితే ఎట్లుంటదో నాకు అర్థమైతది. కానీ ఆ దండలకు నెల జీతం ఒక్క రాత్రిలో పోతది. ఇంకోటి కూడా తెల్వాలె. 2019 జూన్‌లో తమిళనాడుకు చెందిన నలుగురు అమ్మాయిలను దుబాయ్‌లో ఇట్లాంటి బార్ నుంచి భారత కాన్సులేట్, దుబాయ్ పోలీసులు కలిసి కాపాడిన్రు. ఈవెంట్ ఉద్యోగం అని తీసుకపోయి బలవంతంగా డ్యాన్స్ చేయించిన్రు. స్టేజ్ మీద నవ్వుతున్న మనిషి ఇష్టంతోనే అక్కడుందని మీరు చెప్పలేరు.

ఇక పైసల లెక్క

క్యాంపులో ఉండేటోడి జీతం వెయ్యి, పన్నెండు వందల దిర్హమ్‌లు అనుకుందాం. ఇక్కడ ఏజెంట్‌కు కట్టడానికి నూటికి రెండు రూపాయల మిత్తికి లక్ష తెచ్చిన్రనుకుందాం. నెలకు రెండు వేలు మిత్తే పోతది. అంటే 85 దిర్హమ్‌లు, అసలు తగ్గకుండానే. అప్పు తీరేదాకా పెద్ద ఫెస్టివల్ టికెట్ జోలికి పోవద్దని నా మాట. ఇన్‌స్టాలో మీ రీల్ చూసేది మీ దోస్తులే కాదు, కోరుట్లలో అప్పిచ్చినాయన కూడా చూస్తడు. తెల్లారి ఫోన్ మీ నాయనకు పోతది.

అట్లని రూమ్‌లోనే కూర్చోమని కాదు. గ్లోబల్ విలేజ్ టికెట్ 25, 30 దిర్హమ్‌లు, లోపల స్టేజ్ షోలు ఫ్రీ. షాపింగ్ ఫెస్టివల్ టైమ్‌లో పటాకులు, డ్రోన్ షోలకు పైస కట్టాల్సిన పని లేదు. 2021 అక్టోబర్ 23న బుర్జ్ ఖలీఫా మీద మన బతుకమ్మను చూపించిన్రు. కింద నిలబడి తల ఎత్తి చూసినోళ్లు ఎవరూ టికెట్ కొనలేదు.

పోయే రోజు చేయాల్సింది

ఎమిరేట్స్ ఐడీ ఒరిజినల్ జేబులో ఉండాలె. రూమ్‌మేట్ ఒక్కనికన్నా ఎక్కడికి పోతున్నరో చెప్పి, లైవ్ లొకేషన్ పెట్టండి. క్యాంపు గేట్ టైమ్ ముందే అడగండి. టికెట్ అధికారిక సైట్‌లోనే కొనండి, టెలిగ్రామ్‌లో సగం ధరకు ఇచ్చేటోడి దగ్గర వద్దు. ఫోన్ ఫుల్ చార్జ్. నంబర్లు కాగితం మీద కూడా రాసుకోండి: పోలీస్ 999, యూఏఈలో భారతీయుల కోసం కాన్సులేట్ నడిపే సహాయ కేంద్రం 800 46342, ఇది టోల్ ఫ్రీ. పోలీసులు పట్టుకుంటే వాదించొద్దు, అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు, "ట్రాన్స్‌లేటర్ కావాలె" అని అడగండి. అడగడం మీ హక్కు.

ఇంట్లో వింటున్న అమ్మా నాయనలకు ఒక్క మాట. పోరడు పాట వినడానికి పోయిండంటే ఖరాబైనట్టు కాదు. కోప్పడితే రేపటి నుంచి చెప్పకుండా పోతడు. చెప్పి పోయేటోడు ఆపదలో మీకే ముందు ఫోన్ చేస్తడు. గల్ఫ్‌లో మీవోడు ఎవరన్నా ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకు పంపండి, నంబర్లు రాసుకొమ్మనండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. పైలం.