దాహానికీ ఒక లెక్క

గుండె ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషి దాహమంటే, గ్లాసుడు మంచినీళ్ళకు కూడా లెక్కేమిటి అనిపిస్తుంది కదూ? లెక్క ఉందండీ.

చాలా గుండె ఆపరేషన్లలో రక్తాన్ని యంత్రం తిప్పుతుంది. ఆ యంత్రాన్ని ముందుగా లీటరుకు పైగా ద్రవంతో నింపుతారు. సెలైను కూడా ఎక్కిస్తారు. అందులో కొంత నీరు ఒంట్లో నిలిచిపోతుంది. మూత్రం బాగా వచ్చే మాత్రలు ఇచ్చేది అందుకే. నీరు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. మరీ తగ్గితే కళ్ళు తిరుగుతాయి, మూత్రపిండాలకూ చేటు.

డాక్టరు రోజుకు లీటరున్నర అన్నారనుకోండి. పొద్దున్నే సీసాల్లో అన్ని నీళ్ళు పోసి ఉంచండి. కాఫీ, మజ్జిగ, చారు ఏది ఇచ్చినా అన్ని నీళ్ళు అందులోంచి తీసెయ్యండి. దాహం వేధిస్తే నోరు పుక్కిలించమనండి. ఆవకాయ, అప్పడాలు దూరంగా పెట్టండి. ఉప్పు దాహం పెంచుతుంది, నీటినీ పట్టి ఉంచుతుంది.

రోజూ లేచి మూత్రానికి వెళ్ళొచ్చాక, టిఫిన్‌కు ముందు బరువు చూసి రాసిపెట్టండి. లీటరు నీరంటే కిలో బరువు. ఒక్క రోజులో కిలో పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు పెంచకండి, మాన్పించకండి.